పదిహేను సెకన్లలో ఒక చుక్క

కొలోన్‌లో ఆ ఇంటికి మారిన మొదటి ఆదివారం సాయంత్రం, ఒక సంతకం కోసం కింది అంతస్తు తలుపు తట్టాను. ఇక్కడ ఇల్లు మారినవాళ్ళు రెండు వారాల్లోపు ఊరి ఆఫీసుకు పోయి అన్మెల్డుంగ్ చేయించుకోవాలి. అంటే ఫలానా మనిషి ఫలానా ఇంట్లో ఉంటున్నాడని రాయించుకోవాలి. దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం తప్పనిసరి. నా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, మర్నాడు పొద్దున ఎనిమిదింటికి. అది దొరకడానికే వెబ్‌సైట్ ముందు పది రోజులు పడిగాపులు కాశాను. ఆదివారం పూట ఎవరి తలుపూ తట్టవద్దని ఆఫీసులో అందరూ చెప్పారు. అవసరం మనది కాబట్టి తట్టాను.

తలుపు తీసిన ఓనరు డెబ్బై అయిదు దాటిన మనిషి. భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. నా చేతిలో కాగితం చూసి తల ఊపి, "లోపలికి వచ్చి కూర్చోండి. ముగ్గురు అవుటయ్యేదాకా మాట్లాడకండి" అని మళ్ళీ తన కుర్చీలోకి పోయారు. ఆ ముగ్గురు ఎవరో, ఎందుకు అవుటవ్వాలో నాకు తెలియలేదు.

టీవీలో అమెరికా బేస్‌బాల్ నడుస్తోంది. సౌండు లేదు. ఆయన ఒళ్ళో వెడల్పాటి పుస్తకం, పక్కన బల్ల మీద చెక్కి పెట్టిన నాలుగు పెన్సిళ్ళు. తెర మీద బంతి విసరాల్సిన మనిషి ఎంతకీ విసరడు. టోపీ సర్దుకుంటాడు, బంతిని అరచేతిలో రుద్దుతాడు, పక్కకు చూస్తాడు. బ్యాట్ పట్టుకున్నవాడు గీత బయటికి వచ్చి చేతి తొడుగుల పట్టీలు ఊడదీసి మళ్ళీ బిగించుకుంటాడు. ఆ ముగ్గురు అవుటవడానికి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. పైన మా ఆవిడ నేను తప్పిపోయాననుకుని రెండుసార్లు ఫోన్ చేసింది.

అప్పుడు ఆయన పెన్సిల్ పక్కన పెట్టి జేబులోంచి పెన్ను తీశారు. "ఆటకు పెన్సిల్. మాట నిలబడాల్సిన చోట పెన్ను" అని చెప్పి, నా కాగితాన్ని రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. పోబోతుంటే, "మీ దేశంలో కూడా బ్యాటుతో ఏదో ఆడతారు కదా" అన్నారు.

నా బలహీనత మీద చెయ్యి పెట్టారు. హన్మకొండలో కాలేజీ రోజుల్లో, పన్నెండో ఆటగాడిగా కూడా పనికిరాని నన్ను క్రికెట్ టీమువాళ్ళు స్కోరరుగా కూర్చోబెట్టారు. నాలుగేళ్ళు ఎండలో ఒక విరిగిన బెంచీ మీద కూర్చుని రాశాను. ఆడేవాడికి తన వికెట్టే గుర్తుంటుంది, రాసేవాడికి అందరివీ గుర్తుంటాయి. ఆ సంగతి చెప్పగానే ఆయన పుస్తకాన్ని నా వైపు తిప్పారు. మరుసటి ఆదివారం కాగితమేమీ లేకుండానే కిందికి పోయాను.

ఆయన పుట్టి పెరిగిన ఊళ్ళో, ఇంటి వెనక కంచె అవతల అమెరికా సైనికుల శిబిరం ఉండేదట. వాళ్ళ మైదానంలో ఆడటానికి ఈయన చిన్నవాడు, రాయడానికి మాత్రం సరిపోయాడు. ఇంగ్లీషు కూడా అక్కడే పట్టుబడింది. ఆ అలవాటు అరవై ఏళ్ళు దాటినా పోలేదు. ఆదివారం అమెరికాలో మధ్యాహ్నపు ఆట మొదలయ్యేసరికి మాకు సాయంత్రం ఏడు. టీవీ సౌండు ఎందుకు పెట్టరని అడిగితే, "ఇంకొకరి తీర్పు నా పుస్తకంలోకి రాకూడదు" అన్నారు.

ఆ పుస్తకంలో ఒక్కో బ్యాటరుకు ఒక్కో గడి, గడిలో వజ్రం ఆకారం. ఆ వజ్రం నాలుగు మూలలే బేస్‌లు; వాటిని చుట్టి మొదలుపెట్టిన మూలకు, అంటే ఇంటికి, చేరితే ఒక పరుగు. ఆ దారిని వజ్రం గీతల మీద దిద్దాలి. బంతి విసిరే పిచర్ ఒకటి, వెనక పట్టేవాడు రెండు, ఇలా ప్రతి ఫీల్డరుకూ ఒక అంకె. ఆరోవాడు పట్టి మూడోవాడికి విసిరి అవుట్ చేస్తే ఆరు-మూడు. అంతటితో అయిపోదు. విసిరిన ప్రతి బంతికీ గడి మూల ఒక గుర్తు పెట్టాలి: బ్యాటరు తప్పు, అంటే స్ట్రయిక్ అయితే అడ్డగీత, పిచర్ గురి తప్పు, అంటే బాల్ అయితే సున్నా, తగిలి బయటికి పోతే కొక్కెం. మొదటిసారి ఆయన బాత్రూముకు పోతూ పెన్సిల్ నా చేతికిచ్చినప్పుడు, నేను క్రికెట్ అలవాటులో ప్రతి బంతికీ చుక్క పెట్టుకుంటూ పోయాను. పరుగు రాని బంతికి మనం పెట్టేది చుక్కే కదా. ఆయన తిరిగొచ్చి కళ్ళద్దాలు సర్దుకుని, "నా పుస్తకానికి చీమలు పట్టాయా?" అన్నారు. రబ్బరు తీసుకుని ఒక్కో చీమనూ చెరిపి, ఏ బంతి ఏమైందో నన్ను అడిగి మళ్ళీ రాశారు.

ఆ ఆట నెమ్మది నన్ను మొదట చంపింది, తర్వాత పట్టుకుంది. పిచర్ ఊరికే నిలబడలేదని తెలియడానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది. బ్యాటరు తొందరగా ఉంటే వాణ్ణి ఆరబెడతాడు. బేస్ మీదివాడు రెండో బేస్‌కు ఉరకాలని చూస్తుంటే, బంతిని బ్యాటరుకు కాక అటు విసిరి బెదిరిస్తాడు. ఒకసారి కాదు, పదిసార్లు విసిరినా అప్పట్లో అడిగే దిక్కు లేదు. ఆ ఖాళీలో మేం ఇద్దరం పందెం వేసుకునేవాళ్ళం, తర్వాతి బంతి ఏదని. ఎక్కువసార్లు ఆయనే గెలిచారు.

మా ఆవిడకు ఇదేమీ పట్టదు. "సంతకం కోసం పోయినోనివి, ఇంక సంతకం కాలేదా?" అని ఏళ్ళ తరబడి అదే మాట అంటుంది. నాకూ లోపల గుచ్చుకునేది. ఆట పది దాటేదాకా సాగితే, మా పాప నిద్రపోయాకే పైకి పోయేవాణ్ణి.

ఈలోగా అమెరికాలో రూల్స్ మారడం మొదలైంది. మొదట వచ్చింది పదో ఇన్నింగ్స్ రూలు. ముగ్గురు అవుటయితే ఒక జట్టు వంతు ముగుస్తుంది, రెండు జట్ల వంతులూ కలిస్తే ఒక ఇన్నింగ్స్. తొమ్మిది ఇన్నింగ్స్‌కు స్కోరు సమానమైతే ఆట తెగేదాకా సాగాలి. అది త్వరగా తెగాలని, పదో ఇన్నింగ్స్ నుంచి ఒక మనిషిని ముందే రెండో బేస్ మీద నిలబెట్టడం మొదలుపెట్టారు. కొట్టలేదు, పరుగెత్తలేదు, ఊరికే అక్కడ ఉంటాడు. ఓనరుకు ఒళ్ళు మండింది. "ష్వార్జ్‌ఫారర్" అన్నారు. ట్రాములో టికెట్ లేకుండా ఎక్కేవాణ్ణి ఇక్కడ అలా అంటారు. వాడు ఏ దారిన వచ్చాడో తెలియనప్పుడు వజ్రంలో ఏ గీత దిద్దాలి? అందుకని ఆ గడి ఖాళీగా వదిలేసేవారు. అరవై ఏళ్ళ పుస్తకాల్లో ఖాళీ గడులు అవే. నాకు మాత్రం ఆ టికెట్ లేనివాడంటే సరదా. వాణ్ణి ఇంటికి చేర్చడానికి ఒక్క దెబ్బ చాలు కాబట్టి, మామూలుగా పెద్ద షాట్లు కొట్టేవాళ్ళు కూడా బంతిని మెత్తగా తాకించి వదిలేస్తారు. ఒక్క రూలు మొనగాళ్ళను పొదుపరులుగా మార్చింది.

తర్వాత ఒక వసంతంలో అసలు మార్పు వచ్చింది. గడియారం. బేస్‌లు ఖాళీగా ఉంటే పదిహేను సెకన్లలో పిచర్ బంతి విసరడం మొదలుపెట్టాలి, లేకపోతే బ్యాటరుకు ఒక బాల్ ఉచితం. బ్యాటరు కూడా ఎనిమిది సెకన్లు మిగిలి ఉండగానే సిద్ధంగా నిలబడాలి, లేకపోతే వాడి మీద ఒక స్ట్రయిక్. బేస్ మీదివాణ్ణి బెదిరించడం రెండుసార్లే. మూడోసారి విసిరి అవుట్ చేయలేకపోతే వాడికి తర్వాతి బేస్ ఊరికే ఇచ్చేయాలి. లోపలి వరుస నలుగురు ఫీల్డర్లు ఒకవైపు గుంపుగా నిలబడటం కూడా బంద్: రెండో బేస్‌కు ఇటు ఇద్దరు, అటు ఇద్దరు.

నేను ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఎక్కడైనా ఒక రూలు మారిస్తే జనం ఏ సందులోంచి దూరతారో చూడటం నా ఉద్యోగం. ఆ వసంతం నాకు పండుగ. పిచర్ రెండుసార్లు బెదిరించేసరికి, మూడోది వేయడానికి జంకుతాడని స్టేడియం మొత్తానికీ తెలుసు. బేస్ మీదివాడు అడుగు అడుగు ముందుకు జరుగుతాడు. దానితో కొందరు పిచర్లు రెండోది వాడకుండా దాచుకోవడం నేర్చారు. ఇంకొందరు గడియారాన్ని చివరి సెకను దాకా పట్టి బ్యాటరును ఊరించడం నేర్చారు. మా గల్లీలో క్రికెట్ ఆడేటప్పుడు బంతి గోడ దాటితే అవుట్ అనే రూలు ఉండేది. ఆ గోడ వెనక మాస్టారి కిటికీ అద్దం పగిలిన తర్వాత పుట్టిన రూలు అది. దానివల్ల మా గల్లీ పిల్లలంతా నేల మీద కొట్టడంలో ఆరితేరారు. ఏ రూలు వెనక చూసినా ఎవరిదో ఒక కిటికీ పగిలి ఉంటుంది. ఈ గడియారం వెనక ఉన్నది చూసేవాళ్ళ విసుగు. ఆట అరగంట తగ్గింది. పాప పడుకోకముందే పైకి పోయి కథ చెప్పగలుగుతున్నాను. ఇంతకంటే మంచి రూలు ఇంకోటి లేదని ఓనరుతో అన్నాను కూడా.

ఆయన పుస్తకంలోకి వంగి ఉన్నారు. అప్పుడు చూశాను, ఆయన చెయ్యి వణుకుతోంది.

ఆ వణుకు కొత్తది కాదట. రెండేళ్ళుగా ఉంది, డాక్టరు మందులిచ్చాడు. పాత ఆటలో బంతికీ బంతికీ మధ్య ఉన్న ఖాళీలో ఆయన నెమ్మదిగా అడ్డగీత పెట్టి, సున్నా చుట్టి, తల ఎత్తేసరికి పిచర్ ఇంకా టోపీ సర్దుకుంటూ ఉండేవాడు. ఆట నెమ్మది ఆయన వణుకును కప్పిపెట్టింది. గడియారం వచ్చి ఆ ముసుగు లాగేసింది. ఒక సున్నా పూర్తయ్యేసరికి రెండు బంతులు పోతున్నాయి. సిగ్గేసింది నాకు. పక్కనే కూర్చుని రెండేళ్ళు చూడనివాణ్ణి, ప్రతి సందూ కనిపెడతానని గొప్పలు పోయాను.

"సగం రాసిన పుస్తకం నాకొద్దు" అన్నారు ఆ రాత్రి భోజనం వేళకు లేస్తూ. "ఇంకో మూడు ఆదివారాలు చూస్తాను. ఒక్క పేజీ అయినా నిండకపోతే మానేస్తాను."

టీవీని ఆపి ఆపి చూద్దామని చెప్పాను. ఇప్పుడు ఆట వచ్చేది ఇంటర్నెట్లోనే, ఒక మీట నొక్కితే ఆగుతుంది. ఆయన తల అడ్డంగా ఊపారు. "నా కోసం ఆగేది ఆట కాదు. వాళ్ళు ఆడినప్పుడే నేను రాయాలి."

నాకు భయం వేసింది, దాచడమెందుకు. ఆయన మానేస్తే నా ఆదివారాలూ పోతాయి. ఈ దేశంలో పనితోనూ కాగితంతోనూ సంబంధం లేకుండా నేను కూర్చోగల కుర్చీ అదొక్కటే. టీవీని ఇంటర్నెట్‌కు కలిపింది నేనే కాబట్టి, దాని రిమోట్ నా ఫోనులోనూ ఉంది. మరుసటి ఆదివారం ఫోనును మోకాలి పక్కన పెట్టుకున్నాను. ఆయన పుస్తకంలోకి వంగగానే నొక్కేవాణ్ణి, బొమ్మ ఆగేది. పెన్సిల్ కాగితం మీదినుంచి లేవగానే మళ్ళీ నొక్కేవాణ్ణి. సౌండు లేదు కాబట్టి తెలిసే అవకాశం లేదు. మొదటి ఆదివారం పేజీ నిండింది. రెండో ఆదివారమూ నిండింది. ఆయన ముఖంలో వెలుగు చూసి నేను చాలా గొప్ప పని చేశానని అనుకున్నాను.

మూడో ఆదివారం నాలుగో ఇన్నింగ్స్‌లో ఆయన పెన్సిల్ మొన విరిగింది. రాయడం మధ్యలో ఆపి హఠాత్తుగా తల ఎత్తారు. తెర మీద పిచర్ ఎడమ కాలు గాల్లోకి లేపి, తపస్సు చేస్తున్నవాడిలా ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. మూలనున్న గడియారం తొమ్మిది దగ్గర ఆగి ఉంది. నా వేలు ఫోను మీద బిగుసుకుపోయింది.

"చాలాసేపటి నుంచి ఒంటికాలి మీద ఉన్నాడు" అన్నారు. "దించండి పాపం."

నొక్కాను. పిచర్ కాలు దించి బంతి విసిరాడు. ఆయన రాయలేదు. వెనక పేజీలు తిప్పి, అడుగున తాను రాసుకున్న మొదలు, ముగింపు టైములు చూశారు. గడియారం వచ్చాక రెండున్నర గంటల్లో ముగిసే ఆట, ఆ రెండు ఆదివారాలూ మూడు గంటలు దాటింది. ఆ టైములు ప్రతి వారం రాస్తారని నాకు తెలుసు, అయినా తట్టలేదు. తెలివి ఎక్కువైనవాడు తన గోతిలో తానే పడతాడు.

"అమెరికావాళ్ళు రూలు మార్చినా, ముందుగా చెప్పి మార్చారు" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. టీవీ ఆపేసి, నన్ను తలుపు దాకా సాగనంపి, శుభరాత్రి చెప్పి గొళ్ళెం వేసుకున్నారు.

తర్వాతి ఆదివారం దిగాలనుకుని మెట్ల మీద సగం దూరం పోయి తిరిగొచ్చాను. బుధవారం మా పోస్టు డబ్బాలో ఆయన కవరు కనిపించింది. పైన స్టాంపు లేదు, నా పూర్తి చిరునామా మాత్రం ఉంది. ఒకే కప్పు కింద ఉండి ఓనరు ఉత్తరం రాశాడంటే ఈ దేశంలో దాని అర్థం ఒక్కటే. మా ఆవిడ నా ముఖం చూసి పొయ్యి ఆపేసి వచ్చింది.

"ఖాళీ చెయ్యమన్నడా?" అంది. "నీ ఆటేమో గని, పిల్ల కిటా బడి ఎట్ల? గీ ఊర్ల మళ్ళ ఇల్లు దొర్కుతదా?"

"ఆగు, సద్వనియ్యి."

చదివాను. గౌరవనీయులైన కిరాయిదారు గారికి అని మొదలైంది. ఇంటి నియమావళికి కింది సవరణలు ప్రతిపాదిస్తున్నానని, ఈ ఉత్తరం అందిన తర్వాత వచ్చే మూడో ఆదివారం నుంచి అవి అమలవుతాయని ఉంది. మొదటి సవరణ: అయిదో ఇన్నింగ్స్ ముగిసేవరకు ఓనరు రాస్తారు, ఆరో ఇన్నింగ్స్ నుంచి కిరాయిదారు రాయాలి. రెండో సవరణ: ప్రసారాన్ని ఎవరూ ఆపకూడదు, ఫోన్లు చెప్పుల దగ్గర పెట్టాలి. మూడోది చదివి మళ్ళీ చదివాను. ఇకపై విసిరిన ప్రతి బంతికీ అడ్డగీత, సున్నా, కొక్కెం అవసరం లేదు. కిరాయిదారు దేశపు పద్ధతిలో చుక్క సరిపోతుంది. చుక్క పెట్టడానికి, ఆయన పరీక్షించి చూసినదాని ప్రకారం, ఒక్క సెకను చాలు, వణికే చేతితో పెట్టినా అది చుక్కలాగే ఉంటుంది. అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా తెలపాలి.

గది మధ్యలో నిలబడి నవ్వాను. కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. మా ఆవిడకు తెలుగులో చెప్పాను. ఆమె కుర్చీలో కూలబడి, "మూడు వారాలు నోటీసా?" అంది. "నీకు తగ్గోడే దొరికిండు. పో, అభ్యంతరం లేదని రాసియ్యి."

రాసిచ్చాను.

సవరణలు అమలైన ఆదివారం ఫోను చెప్పుల దగ్గర పెట్టి కూర్చున్నాను. ఆయన అయిదు ఇన్నింగ్స్ రాశారు. చుక్కలు వంకరగా, పెద్దవీ చిన్నవీ కలిసి ఉన్నాయి, కానీ ఒక్క బంతి తప్పలేదు. అయిదోది ముగియగానే పుస్తకం నా ఒళ్ళో పెట్టారు. అప్పుడు తెలిసింది పదిహేను సెకన్లంటే ఏమిటో. నేను మెచ్చుకున్న ఆ గడియారం నా మెడ మీద కూర్చుంది. తల ఎత్తితే గడి తప్పుతుంది, వంచితే బంతి తప్పుతుంది. ఏడో ఇన్నింగ్స్‌కు చెమట పట్టింది. ఆయన మాత్రం అరవై ఏళ్ళలో మొదటిసారి చేతులు ఖాళీగా పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలారు. "ఈ పిచర్ కుడి భుజం కొంచెం ముందే దించుతాడు, చూశారా" అన్నారు. రాసే తొందరలో ఇన్నేళ్ళు ఇలాంటివి ఎన్ని చూడలేదో అని తనలో తాను ఆశ్చర్యపోయారు.

తొమ్మిది ఇన్నింగ్స్‌కు స్కోరు మూడూ మూడూ. పదోది మొదలైంది. టికెట్ లేనివాడు వచ్చి రెండో బేస్ మీద నిలబడ్డాడు. ఆయన ఎప్పుడూ ఖాళీగా వదిలే గడి ఇప్పుడు నా పెన్సిల్ కింద ఉంది. గడియారం దిగుతోంది. అడగడానికి టైము లేదు. వజ్రంలో రెండో బేస్ దగ్గర ఒక చుక్క పెట్టాను.

ఆయన ముందుకు వంగి చూశారు. "వాడికీ చుక్కేనా? టికెట్ లేకుండా..."

"ముగ్గురు అవుటయ్యేదాకా మాట్లాడకండి" అన్నాను.

ఆయన నోరు మూసుకుని వెనక్కి వాలారు. భుజాలు కదిలాయి, నవ్వుతున్నారని అర్థమైంది. రెండు బంతుల తర్వాత ఎవరో మెత్తగా తాకించిన దెబ్బకు టికెట్ లేనివాడు ఇల్లు చేరాడు. చుక్క నుంచి గీత దిద్దాను. అవతలి జట్టు తన వంతులో తన టికెట్ లేనివాణ్ణి ఇల్లు చేర్చలేకపోయింది. ఆ ఒక్క పరుగుతోనే ఆట ముగిసింది.

పేజీ అడుగున టైము రాశాను. దాని పక్కన స్కోరరు సంతకం కోసం ఒక గీత ఉంటుంది. ఆయన పుస్తకం తీసుకుని, పెన్సిల్ బల్ల మీద పెట్టి, జేబులోంచి పెన్ను తీసి సంతకం మొదలుపెట్టారు. పదిహేను సెకన్ల కంటే చాలా ఎక్కువే పట్టింది. నేను తెర వైపు చూస్తూ కూర్చున్నాను. పూర్తయ్యాక ఆయన పుస్తకాన్ని నా వైపు తిప్పి, తన సంతకం పక్కన మిగిలిన ఖాళీ చూపించి, పెన్ను నా చేతికిచ్చారు.